పుర్రచేతి దెబ్బ

టెక్కలి శివారు. నేరోగేజి చిన్నబండి పోయి బ్రాడ్‌గేజి పెద్దబండి వచ్చిన రైలుకట్ట పక్కన ఒక పెంకుటింటి పెరడు. పలాస హైవే మీద "చిన్నబండి గురుతులు" అని కొట్టు పెట్టుకున్న మన్మథరావు, పొద్దున్నే మేనమామ బైరాగి ఇంటికొచ్చి, పెరట్లోని సిమెంటు తొట్టిలోకి తొంగి చూసి గొల్లుమన్నాడు.

"అత్తా! ఈ తొట్టిలో సేపలెవులేసినారు?"

"నానే ఏసినాను."

"నానే ఏసినానేటి, అంత తీరిగ్గా! ఇది మేకుల తొట్టి!"

"ఉప్పునీళ్లు ఊరికినే పడున్నాయి గదా మన్మథా. బారువ నుంచి సేపల బుట్ట వొచ్చినాది, కవ్వల్లు తాజాగున్నాయి, రెండు కేజీలు తీసుకున్నాను. నువ్వు నౌపడా ఉప్పు బస్తాడు గుమ్మరించినావు గదా అందులో. మళ్లీ ఉప్పు కొనడం ఏల?"

"ఓరి నాయనో! ఆ ఉప్పు మేకులు తుప్పట్టడానికత్తా! కొత్త మేకులు పాతవాటిలాగ కనబడ్డానికి! సేపలు ఊరడానికి కాదు!"

"రెండూ ఊరినాయి. సూడు, ఎంత బాగా ఊరినాయో."

"మావా! నూకమ్మత్త సేసిన పని సూసినావా?"

"నాకేటి కనబడతాదిరా. కళ్లజోడు ఎక్కడెట్టినానో... వాసనైతే వొత్తంది."

"వాసనా? ఏదీ... ఛీ ఛీ! మేకు ఎండుసేప కంపు కొడతంది! పదకొండింటికి ఆవిడొచ్చేత్తాది మావా, నా కొంప మునిగిపోనాది."

"ఏ ఆవిడ?"

"మర్సిపోనావా? సాహిత్య మేడం. బారువలో సముద్రం ఒడ్డుని కొత్త రిసార్టు ఎడతన్నారు. ఓపెనింగుకి వొచ్చే పెద్దమనుసులందరికీ మన పెట్టెలే ఇత్తారంట. రెండొందల పెట్టెలు! జీడికర్ర పెట్టి, లోపల కొబ్బరిపీచు, పీచు మీద చిన్నబండి మేకు, మూత మీద నీ ఫొటో."

"మీ మావ ఫొటో."

"అవునత్తా, మావ ఫొటో. ముప్పయ్యేళ్లు చిన్నబండి లైను మీద కీమేను పని సేసినాడు. తెల్లారకుండానే సుత్తి భుజానేసుకుని లైనంతా నడిసి, లేసిపోయిన మేకుని లేసిపోయినట్టు దిగ్గొట్టి, ఆ బండిని పట్టాల మీద నిలబెట్టినోడు. ఆయన ఫొటో కాక ఎవులిదెడతాను?"

"నాకేటి తెలుసు, ఎవులిదెడతావో. టీ తాగుతావా?"

"ఆఁ, ఎట్టత్తా. అల్లం కొంచెం ఎయ్యి."

"ఎప్పుడు నేదు గనక."

"మావా, అత్త వొంటింట్లోకి ఎల్లిపోనాది. బేగి రా, పని కానిచ్చేద్దాం."

"ఏ పని?"

"సెవుడా మతిమరుపా నీకు? నిజం మేకులు పోయిన నెల్లోనే అయిపోనాయి అన్నానా? సాలలో నువ్వు సూపించినావే ఒక సంచి, ఆ ఒక్క సంచే. ఇంకో రెండు సంచులున్నట్టు కనబడితే ఆశగా ఎల్లి సూసినాను, అయి ఊకబస్తాలంట. అత్త సెప్పినాది."

"ఊకా? ఏమో. దానికే తెలియాల. నాకేటి కనబడతాది."

"ఆఁ, నీకేటీ కనబడదు, నాకేటీ దొరకదు. అందుకే కమ్మరోడి కాడ కొత్తయి సేయించి ఉప్పునీళ్లలో పడేసినాను. తుప్పట్టినాయి, సరే. కంపు సంగతి తరవాత సూద్దాం. ఇప్పుడు కావాల్సింది నీ దెబ్బ."

"నా దెబ్బా?"

"నీ దెబ్బే! పాత మేకుల తలకాయి ఎప్పుడూ ఒకే పక్కకి నొక్కుకుని ఉంటాది గదా. లైను మీద పనిసేసి రిటైరైన ముసలాయనొకడు కొట్టుకొచ్చి, మేకు అటూ ఇటూ తిప్పి సూసి, 'ఇది పుర్రసేతోడి దెబ్బరా బాబూ' అన్నాడు. నాను పరిగెత్తుకొచ్చి నిన్నడిగితే నువ్వేటన్నావు?"

"ఏటన్నాను?"

"ఊఁ అన్నావు!"

"ఊఁ అన్నాను. అంతే అన్నాను."

"అది సాలదా? అప్పుడే గదా కార్డు మీద రాయించినాను, 'ప్రతి మేకు మీదా బైరాగి గారి పుర్రచేతి దెబ్బ చూడండి' అని. దాంతోనే యాపారం లేసినాది మావా. ఆ మేడం గూడా అది సూసే పడిపోనాది. మరి ఈ కొత్త మేకుల మీద దెబ్బ నేకపోతే? అందుకే, ఇదిగో పట్టాల కిందేసే పాత స్లీపరు సెక్క, ఇదిగో సుత్తి. ఒకో మేకు నాను నిలబెడతాను, నువ్వు ఒకోటేసి దెబ్బెయ్యి."

"అది దొంగపని గాదేటిరా?"

"ఎలగవుతాది? కార్డు మీద ఏటి రాసుంది? బైరాగి కొట్టిన మేకు అని. ఇప్పుడు కొడితే బైరాగి కొట్టినట్టు కాదా? ఎప్పుడు కొట్టినాడో మనం రాయనేదు గదా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఒరే, నాకు భుజం పట్టేసినాదిరా."

"నిన్న నేదే?"

"రాత్రి పట్టినాది."

"రెండొందలొద్దు, పది కొట్టు. మిగతాయి నీలాగే కొట్టడం నాను నేర్సుకుంటాను. మావా, నీ కాళ్లట్టుకుంటాను. ఈ ఆర్డరు పోతే కొట్టు మూసుకోడమే. మళ్లీ జీడిబట్టీలో గుమస్తాగా కూకోవాల నాను. ఆ మసీ ఆ పొగా నావల్ల కాదు. నా బతుకు నీ సేతిలో ఉంది, అచ్చంగా నీ సేతిలోనే."

"అలగనకురా. నువ్వలగంటే నాకు గుండె దడొత్తాది... సరే ఇయ్యి. ఏదీ, మేకేదీ?"

"నీ ముందే ఉంది."

"ఇదా?"

"అది నా బొటనేలు మావా! ఇదిగో, ఇటు. ఆఁ, ఎయ్యి!"

"ఊఁహ్!"

"ఓలమ్మ! తొట్టి! తొట్టి పగిలిపోనాది!"

"ఏటా సప్పుడు? మన్మథా, నా సేపలు జాగర్త!"

"ఏటీ నేదత్తా, నువ్వు టీ సూసుకో! మావా, మేకు ఇక్కడుంటే సుత్తి అక్కడికి ఎలగెల్లినాది? నీళ్లన్నీ పోతన్నాయి!"

"వొయసైపోనాదిరా."

"అది సరే గానీ... మావా."

"ఊఁ."

"నువ్వు కుడిసేత్తో కొట్టినావేటి?"

"కుడిసేత్తోనా?"

"నీకు పుర్రసెయ్యి వాటం గదా. మరి కుడిసేత్తో ఏల పట్టినావు?"

"భుజం పట్టేసినాదని సెప్పలేదా? ఎడం భుజం. అందుకని."

"నువ్వు పళ్లు తోముకునేదీ కుడిసేత్తోనే. నిన్న బీడీ ఎలిగించిందీ కుడిసేత్తోనే. ఇప్పుడు గుర్తొత్తంది. మావా, నా కళ్లలోకి సూసి ఒక్క ముక్క సెప్పు..."

"నీ కళ్లు ఎక్కడున్నాయో కనబడితే గదా సూడ్డానికి. అదేటి, కారు సప్పుడులాగుంది?"

"సచ్చినాను. గంట ముందే వొచ్చేసినాది."

మన్మథరావు చేపల మీద గోనెపట్టా కప్పి, చేతులు లుంగీకి తుడుచుకుని, పెళ్లిచూపుల్లో మేనమామలా నవ్వుతూ గేటు తీశాడు.

"రండి రండి మేడం! దారి సులువుగా దొరికినాదా?"

"దొరికింది మన్మథరావుగారూ. నమస్కారం బైరాగిగారూ! మిమ్మల్ని ఫొటోలో చూసి చూసి, నాకు తాతగారైపోయారు మీరు."

"కూకో అమ్మా. ఎవులైనా కుర్సీ ఎయ్యండి."

"పరవాలేదండీ, నిలబడతాను. మన్మథరావుగారూ, ఒక్క మాట అడగనా? ఈ పెరట్లో ఏదో వాసన..."

"సముద్రపుగాలి మేడం."

"టెక్కలిలోనా?"

"ఇవాళ గాలి ఇటు తిరిగినాది."

"సరే. ఇవేనా మన ఆర్డర్ మేకులు? తుప్పు బాగానే ఉంది. మరి ఈ తెల్లటి పొడి ఏంటి, ఉప్పులా ఉంది?"

"అది... ముప్పయ్యేళ్ల చెమట మేడం. మా మావ చెమట."

"ఒరే."

"నువ్వు ఊరుకో మావా."

"నేను కొన్న మేకు నా బ్యాగులోనే ఉంది, చూడండి. దీని తల ఇలా పక్కకి అణిగి ఉంది. వీటికి లేదే?"

"అయి ఇంకా... కడగాల మేడం. కడిగితే బయటపడతాది."

"కడిగితే దెబ్బ బయటపడుతుందా? మన్మథరావుగారూ, తప్పుగా అనుకోకండి. రెండొందల మందికి ఇచ్చే వస్తువు, నేను సంతకం పెట్టి తీసుకెళ్లాలి. అనుమానం తీర్చుకోడానికి ఒక్కటే దారి. బైరాగిగారూ, మీరు నా ఎదురుగా ఒక్క మేకు కొట్టండి. వీడియో తీసుకుంటాను, ఆదివారం ఓపెనింగులో తెరమీద వేస్తాం. మీకు శాలువా కప్పే ముందు."

"శాలువానా?"

"అవునండీ. కారు పంపిస్తాం. మీరూ, ఇంట్లోవాళ్లూ రండి."

"టీ తీసుకో అమ్మా. ఇదిగో మన్మథా నీది, అల్లమేసినాను. ఆ కారులో నాకూ సోటుంటాదా తల్లీ?"

"తప్పకుండా అమ్మా! మీరు బైరాగిగారి..."

"పెళ్లాన్ని. నూకమ్మంటారు."

"అత్తా, నువ్వు అంతదూరం ఏల? ఎండ. ఇంటికాడ ఎవులుంటారు?"

"ఇంటికాడ నానుండకపోతే ఇల్లు పరిగెత్తిపోతాదా?"

"అది కాదత్తా..."

"బైరాగిగారూ, మొదలెడదామా? ఇదిగో ఈ చెక్క మీదే. ఫోన్ ఆన్ చేశాను."

"అమ్మా, నాకు భుజం..."

"ఒక్క దెబ్బ చాలండీ."

"కళ్లజోడు నేదమ్మా."

"నెత్తిమీదే ఉంది కదండీ."

"మన్మథా..."

"మావా, కొట్టేయ్. ఎలగోలగ కొట్టేయ్. ఎడంసేత్తో."

"నావల్ల కాదురా. నావల్ల కాదు. ఆ అమ్మాయి ముందు అబద్దం ఆడలేను. నువ్వు ఆ ఫొటో అచ్చేయించిన కాడ్నుంచి నాకు ముద్ద దిగడం నేదు."

"ముద్ద దిగడం నేదా? నిన్న కవ్వల్ల పులుసు రెండుసార్లు ఏయించుకున్నావు."

"నూకీ, నువ్వుండవే."

"ఉన్నాను. ముప్పయ్యేళ్లుగా ఉంటానే ఉన్నాను. ఇంక లే. పక్కకి జరుగు."

"అత్తా, నువ్వేటి... సుత్తి ఒగ్గేయ్ అత్తా! కాలి మీద పడతాది! మేడం ముందు నవ్వులపాలు సెయ్యకు..."

"మేకు సెక్క మీద నిలబెట్టు మన్మథా. సెయ్యి అడ్డం తియ్యి. తియ్యమంటే తియ్యి, దెబ్బ పడితే సేతి ఏళ్లు అయిదూ పోతాయి. అమ్మా, తీత్తన్నావా వీడియో?"

"తీస్తున్నానమ్మా..."

నూకమ్మ కొంగు నడుముకి దోపి, సుత్తి ఎడంచేతిలోకి మార్చుకుంది. ఒకటే దెబ్బ.

"అమ్మో! సగం దిగిపోయింది!"

"పూర్తిగా దిగాల. మోకాళ్ల నొప్పి, బలం సరిపోనేదు. మేకు ఊడదీసి తల సూడు తల్లీ."

"ఆగండి, నా బ్యాగులోది పక్కన పెడతాను... అచ్చం ఇదే! ఒకే పక్కకి, అదే ఏటవాలు. అమ్మా, ఈ మేకు... నేను కొన్న ఈ మేకు మీరే కొట్టారా?"

"నాను కొట్టింది నాకు తెలీదా? అది నాదే."

"మావా! ఇదేటి?"

"ఏటుందిరా సెప్పడానికి. నాకు రేసీకటి."

"రేసీకటా?"

"సందేళ కాడ్నుంచి బాగా తెల్లారే దాకా నాకు గోడకీ గుమ్మానికీ తేడా తెల్దు. కీమేను పనేమో సీకటితోనే మొదలు. డాక్టరు కాడికెల్తే ఆ రోజే పన్లోంచి తీసేసి ఇంటికి పంపించేత్తారు. పిల్లలు సిన్నోళ్లు. ఏటి సెయ్యాలో తెలీక ఒకనాడు కట్ట మీద కూకుని ఏడిసినాను. ఇదొచ్చి సుత్తి లాక్కున్నాది."

"లాక్కోకేటి సెయ్యను? ఈయన మేకు మీద కొడితే పట్టా మీద పడేది, పట్టా మీద కొడితే కాలి మీద పడేది. గంజి క్యారేజీ ఒక సేత్తో, ఈయన సెయ్యి ఒక సేత్తో పట్టుకుని లైనంతా నడిసేదాన్ని. ఎవులన్నా అడిగితే, మొగుడికి గంజి అట్టుకెల్తన్నానని సెప్పేదాన్ని. లేసిన మేకు కనబడితే అటూ ఇటూ సూసి ఒక్కటిచ్చుకునేదాన్ని."

"ముప్పయ్యేళ్లా అమ్మా?"

"వానొచ్చినా, తుపానొచ్చినా. సంటిపిల్లనెత్తుకుని గూడా. మా లైను మీద ఒక్కనాడు బండి పడనేదు తల్లీ. ఆ మాట నాను ఎక్కడన్నా సెప్పుకోవచ్చు. ఎవులికీ సెప్పుకోనేదు, అంతే."

"మరి ఆ మేకులు మీ ఇంటికెలా వచ్చాయి?"

"చిన్నబండి తీసేసినప్పుడు కంట్రాక్టరు మడుసులు పట్టాలు పట్టుకుపోనారు, సెక్కలు పట్టుకుపోనారు. వంకర్లు పోయిన మేకులు కట్ట పక్క గెడ్డనీళ్లలోకి ఇసిరేసినారు. నా సేతి దెబ్బలన్నీ బురదలో పడుంటే ఎలగ సూడను? దిగి ఏరుకున్నాను. ఏటి సేసుకుంటానో నాకే తెల్దు, ఏరుకున్నాను."

"అత్తా... మరి ఇన్నాళ్లూ నాకు ఒక్క ముక్క సెప్పలేదేటి?"

"నువ్వు అడిగినావా? ఆర్నెల్లుగా వొత్తన్నావు. 'మావా ఫొటో, మావా సంతకం, మావా దెబ్బ.' నాతో ఏటన్నావు? 'అత్తా టీ ఎట్టు.' ఒక్కనాడు, ఒక్కనాడన్నా, అత్తా నీకేటన్నా తెలుసా అని అడిగినావా?"

"మావా, నువ్వైనా సెప్పొచ్చు గదా!"

"ఎలగ సెప్తానురా? ఉజ్జోగం ఉన్నన్నాళ్లూ బయమేసినాది. ఉజ్జోగం పోయాక సిగ్గేసినాది. నువ్వు ఫొటో ఎట్టేసరికి... ఏటోరా, కొంచెం బాగున్నట్టు కూడా అనిపించినాది. తప్పు నాదే. నూకీ, తప్పు నాదే."

"ఒప్పుకున్నావు, సాల్లే. అంత మొకం ఎట్టకు."

"మన్మథరావుగారూ, ఇప్పుడు మీరు చెప్పండి. ఇవి కొత్త మేకులే కదా?"

"మేడం, అదీ..."

"కొత్తవే అమ్మా. కమ్మరోడు పోయిన వారమే సేసినాడు. ఉప్పూ, నా కవ్వల్లూ కలిసి తుప్పట్టించినాయి. ఆ గోనెపట్టా కింద సూడు, సేపలు."

"అత్తా!"

"ముప్పయ్యేళ్ల చెమటంట. సిగ్గునేదు."

"సారీ మన్మథరావుగారూ. నూకమ్మగారి మాటలు విన్నందుకు వచ్చిన దారి దండగ కాలేదు. కానీ మా అతిథుల చేతిలో చేపల కంపు కొట్టే అబద్ధం పెట్టలేను. ఆర్డర్ వద్దనుకుంటున్నాను. వస్తానమ్మా."

"మేడం, మేడం... ఒక్క నిమిషం... అయిపోనాది. మావా, అయిపోనాది. రేపట్నుంచి జీడిబట్టీ."

"ఆగు తల్లీ. కారెక్కకు. మన్మథా, ఏడుపు తరవాత ఏడుద్దువు గానీ, సాలలోకెల్లి ఆ ఊకబస్తా ఒకటి ఇలగ ఈడ్సుకురా."

"ఊకెందుకత్తా ఇప్పుడు?"

"తెమ్మంటే తే."

"కదల్టం నేదత్తా! ఊక ఇంత బరువేటి?"

"పైన జానెడే ఊక. సెయ్యి లోపలికెట్టు."

"అత్తా... అత్తా! మేకులు! నిజం మేకులు! మేడం, రండి, తల సూడండి, పక్కకి నొక్కుకుంది! రెండో బస్తా గూడా ఇదేనా? ఇయ్యి ఇక్కడెట్టుకుని నన్ను ఉప్పునీళ్లలో ఊరబెట్టినావా?"

"నువ్వు తెచ్చిన మొదటి పెట్టి మీద మీ మావ ఫొటో సూసిన్నాడే ఊక కప్పేసినాను. సెయ్యి తియ్యి, ఒక్కటి గూడా ముట్టుకోకు. పెట్టిమీద ఫొటో, కార్డు మీద పేరు మార్సుకొచ్చినాక సంచి మూతి నానే ఇప్పుతాను. ఆదివారం లోగా రెండొందలు నువ్వే సర్దుదువు గానీ. ఆ అమ్మాయి నిలబడే ఉంది, ముందు వొంటింట్లోకెల్లి టీ ఎట్టు. అల్లం కొంచెం ఎయ్యి."